విశాఖలో ట్యూబ్ హెడ్ కొనాలి: 20 వాట్లా, 50 వాట్లా?

ఎంవీపీ ఆరుతీగలు
ఆదివారం, రాత్రి 9.15

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా గిటారు వాయిస్తున్నాను. ఇన్నాళ్లూ 40 వాట్ల ట్రాన్సిస్టర్ కాంబో ఆంప్‌తోనే (ఆంప్, స్పీకరు ఒకే పెట్టెలో ఉండేది) నెట్టుకొచ్చాను. మా నలుగురి బృందం ప్రతి ఆదివారం సీతమ్మధారలో ఒక అద్దె గదిలో సాధన చేస్తుంది. డ్రమ్ములు, బేస్, రెండు గిటార్లు ఉంటాయి. పాత హార్డ్ రాక్, బ్లూస్ ఎక్కువగా వాయిస్తాం, అప్పుడప్పుడు ఆరో తీగను డి స్వరానికి దించి కొంచెం బరువైనవీ వాయిస్తాం.

గత నెలలో ఒక మిత్రుడి ట్యూబ్ (వాల్వు) ఆంప్ మీద అరగంట వాయించే అవకాశం దొరికింది. ఏ నాబ్‌నూ ముట్టుకోకుండానే, మెల్లగా మీటితే శుభ్రంగా పలికి, గట్టిగా మీటితే గరుకుగా తిరగబడే ఆ గుణాన్ని మొదటిసారి నా వేళ్లతో తెలుసుకున్నాను. అప్పటి నుంచి వేరే ధ్యాస లేదు. హెడ్ (స్పీకరు లేని ఆంప్), క్యాబినెట్ (స్పీకరు పెట్టె) రెండూ కలిపి లక్షా ఇరవై వేలలో రావాలి. చూసినవాటిలో మార్షల్ డిఎస్ఎల్ 20 హెచ్ఆర్, ఆరెంజ్ టైనీ టెర్రర్, హ్యూస్ అండ్ కెట్నర్ ట్యూబ్‌మైస్టర్ నచ్చాయి. అయితే 20 వాట్లు డ్రమ్ముల ముందు నిలబడవని, కనీసం 50 ఉండాలని మా రెండో గిటారిస్టు పట్టుబడుతున్నాడు. ఇంట్లోనేమో అపార్టుమెంటు, పక్క ఫ్లాట్లో చంటిబిడ్డ ఉంది. అనుభవం ఉన్నవారు దారి చూపించగలరు.

ఉక్కునగరం బ్లూస్
ఆదివారం, రాత్రి 10.02

ఆరుతీగలు గారూ, వాట్ల లెక్కలో చాలామంది పొరబడేది ఒక్కచోటే. వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు, 3 డెసిబెల్‌లు మాత్రమే పెరుగుతుంది. మన చెవికి రెట్టింపుగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్‌లు కావాలి, అంటే పదింతల వాట్లు. ఈ లెక్కన 50 వాట్ల హెడ్‌కూ 100 వాట్ల హెడ్‌కూ శబ్దంలో తేడా స్వల్పమే.

సెలెస్టియన్ వింటేజ్ 30 స్పీకరును ఉదాహరణగా తీసుకోండి. ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 100 డెసిబెల్‌లు పలుకుతుందని దాని కొలత చెబుతుంది. 20 వాట్లకు 113, 50 వాట్లకు 117. ఆ నాలుగు డెసిబెల్‌ల కోసం బడ్జెట్టునూ బరువునూ పెంచుకోవడం మీ గదికి అవసరమా అన్నదే ఆలోచించవలసిన విషయం. నేను 18 వాట్ల హెడ్‌ను రెండు 12 అంగుళాల స్పీకర్లతో నాలుగేళ్లుగా డ్రమ్ముల పక్కన వాయిస్తున్నాను. నా వల్ల మా గాయకుడికి ఇబ్బంది కలిగిన రోజులున్నాయి గానీ, నా గిటారు వినబడలేదని ఎవరూ అనలేదు.

గాజువాక గెయిన్
సోమవారం, ఉదయం 7.40

పై లెక్క సరైనదే. కానీ అది శబ్దం ఎంత అన్నది చెబుతుంది, శబ్దం ఎలా ఉంటుందన్నది చెప్పదు. నేను వాయించేది మెటల్. ఆరో తీగను బి స్వరం దాకా దించి అరచేత్తో ఆనించి కొట్టినప్పుడు, ఆ మంద్ర స్వరం గట్టిగా దెబ్బ కొట్టినట్టు రావాలంటే స్పీకరును నడిపే పవర్ ట్యూబుల దగ్గర నిల్వశక్తి ఉండాలి. చిన్న హెడ్‌లో పవర్ విభాగం అప్పటికే అంచుదాకా వచ్చి ఉంటుంది, ఆ దెబ్బ మెత్తబడి ముద్దలా వస్తుంది. హార్డ్ రాక్‌కు ఆ మెత్తదనమే అందం, నా సంగీతానికి అదే లోపం. అందువల్ల నేను 50 వాట్ల హెడ్ వాడుతున్నాను. అలాగే డిస్టార్షన్ (గరుకు) లేకుండా శుభ్రమైన స్వరం డ్రమ్ములను మించి వినబడాలనుకునేవారికీ ఎక్కువ వాట్లే కావాలి.

మీరు చెప్పిన సంగీతానికైతే, నా పద్ధతికి వ్యతిరేకమే అయినా, 20 వాట్లే తీసుకోమంటాను.

కంచరపాలెం వాల్వు
సోమవారం, రాత్రి 8.30

బాబూ, నేను గిటారు వాయించను. నలభై ఏళ్లు వాల్వు రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసినవాణ్ణి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి వాల్వులు అట్టపెట్టెల్లో వచ్చే రోజుల్లో పని నేర్చుకున్నాను. ఇప్పుడు మీ వయసు పిల్లలు గిటారు ఆంప్‌లు తెస్తుంటే చూస్తున్నాను. ఏ హెడ్ మంచిది అన్నది మీ చెవి తేల్చుకుంటుంది. అది ఈ ఊళ్లో పదేళ్లు బతకాలంటే ఏం చూడాలో నేను చెబుతాను.

మొదటిది కరెంటు. హెడ్ వెనుక పలక మీద ఎన్ని ఓల్టులకు తయారైందో రాసి ఉంటుంది. 230 అని ఉంటే నిశ్చింతగా తీసుకోండి. 220 అని ఉంటే కొంచెం ఆలోచించండి. వాల్వులో ఎర్రగా వెలిగే తీగకు 6.3 ఓల్టులు అందాలి, దానికి అటూ ఇటూ పది శాతం వరకు ఓర్పు ఉంటుంది. మా వీధిలో రాత్రి పదకొండు దాటాక నా మీటరులో 245 దాకా చూశాను. 230కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మరుకు ఆ 245 అందితే తీగకు 6.7 ఓల్టులు వెళతాయి, అది భరించదగినదే. అదే 220కి చుట్టినదైతే 7 దాటుతుంది, వాల్వు ఆయుష్షు తరిగిపోతుంది. వాల్వులోని ప్లేటు అనే రేకుకు వెళ్లే 400 ఓల్టుల పైచిలుకు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. కాబట్టి హెడ్ ఖర్చులోనే మంచి స్టెబిలైజరు ఖర్చు కూడా కలుపుకోండి. చౌక ఇన్వర్టర్ల మీద మాత్రం నడపవద్దు. వాటి నుంచి వచ్చే చదరపు తరంగానికి ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కుతుంది, ఆంప్ గుయ్యిమంటుంది.

రెండోది ఎర్తింగ్. హమ్ వస్తోందని ప్లగ్గులో మూడో పిన్ను తీసేసినవారిని చూశాను. ప్రాణం మీదికి తెచ్చే పని అది. గిటారు తీగలు ఆంప్ ఛాసిస్‌తో కలిసి ఉంటాయి, గాయకుడి మైకు వేరే ప్లగ్గు నుంచి వచ్చే మిక్సరుతో కలిసి ఉంటుంది. ఆ రెంటి మధ్య తేడా ఓల్టేజి ఉంటే, తీగల మీద చేయి ఉంచి మైకుకు పెదవి ఆనించినవాడి ఒంట్లో నుంచి అది ప్రవహిస్తుంది. జనరేటరు మీద కచేరీ అయితే వాయించబోయే ముందు మీటరు ఒక కొసను తీగకూ, మరో కొసను మైకు జాలీకీ పెట్టి ఏసీ ఓల్టులు చూడండి. పదుల్లో చూపిస్తే ఎర్తు సరిచేసేదాకా గిటారు ముట్టుకోవద్దు.

మూడోది, స్పీకరు తగిలించకుండా వాల్వు ఆంప్‌ను ఎన్నడూ నడపవద్దు. ట్రాన్సిస్టరు ఆంప్‌కు స్పీకరు తీగలు కలిసిపోతే ప్రమాదం, వాల్వు ఆంప్‌కు స్పీకరు ఊడిపోతే ప్రమాదం. భారం లేనప్పుడు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో ఓల్టేజి ఎగసిపడి లోపలి చుట్ల ఇన్సులేషన్‌ను చీల్చేస్తుంది. అది పోతే చిన్న హెడ్ ధరలో పెద్ద భాగం పోయినట్టే. ఇదే కారణంగా హెడ్ నుంచి క్యాబినెట్‌కు గిటారు కేబులు వాడకండి. దానిలో సన్నని తీగ భారం తాళలేక మధ్యలో తెగితే, మీకు తెలియకుండానే స్పీకరు ఊడినట్టవుతుంది. లావుపాటి రెండు తీగల స్పీకరు కేబులే వాడాలి.

ఎంవీపీ ఆరుతీగలు
సోమవారం, రాత్రి 9.05

మేష్టారూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. మా అన్నయ్య స్నేహితుడు అమెరికా నుంచి వస్తున్నాడు. అక్కడ వాడిన హెడ్ ఒకటి తక్కువ ధరకు దొరుకుతోందట. 110 ఓల్టుల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెడితే సరిపోదా?

కంచరపాలెం వాల్వు
సోమవారం, రాత్రి 9.40

స్టెప్‌డౌన్ ఓల్టేజిని తగ్గిస్తుంది గానీ సైకిళ్లను మార్చదు. అక్కడ సెకనుకు 60, ఇక్కడ 50. అరవైకి సరిపడా ఇనుము పెట్టి చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు యాభై మీద త్వరగా సంతృప్తమై వేడెక్కుతుంది. పలక మీద 50/60 అని రెండూ రాసి ఉంటే పరవాలేదు, 60 ఒక్కటే ఉంటే వద్దు. పైగా స్టెప్‌డౌన్ 120 ఓల్టులు ఇచ్చేదై ఉండాలి. దాని శక్తి హెడ్ వినియోగానికి రెట్టింపు ఉంటే మంచిది. ఈ పెట్టె మోసుకుంటూ ప్రతి ఆదివారం సీతమ్మధార వెళ్లి రావడం కూడా లెక్కలో వేసుకోండి.

ఆరాధన గిటారు
మంగళవారం, ఉదయం 6.20

నేను ప్రతి ఆదివారం చర్చిలో రెండు ఆరాధనలకు వాయిస్తాను. నా స్వరం వాక్స్ ఏసీ 30 ఆంప్ నుంచి వచ్చింది. నాలుగు ఈఎల్ 84 ట్యూబులు, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లేని పవర్ విభాగం, పై స్వరాల్లో గంట మోగినట్టు మెరుపు. కానీ అది 30 వాట్లే అయినా మందిరంలో పెట్టలేనంత బిగ్గరగా ఉంటుంది, తీయగా పలికేది కూడా ఆ బిగ్గరలోనే. ఐదేళ్ల క్రితం దాన్ని అమ్మేసి, ఆంప్‌ల స్వరాన్ని డిజిటల్‌గా అనుకరించే మోడలర్‌కు మారాను. సౌండ్ చూసే సోదరునికి ప్రతివారం ఒకే స్థాయి అందుతోంది, వేదిక మీద శబ్దం లేదు.

ఈ మాట మిమ్మల్ని ట్యూబుల నుంచి మళ్లించడానికి రాయడం లేదు. మీరు వేళ్ల కింద అనుభవించానని రాసింది స్పీకరు గాలిని తోసినప్పుడు తీగ తిరిగి స్పందించడం. అది నేను వదులుకున్నాను, ఇప్పటికీ లోటుగానే ఉంది. మీ వాయిద్యం ఎక్కువగా గదిలోనే సాగుతుందంటే ట్యూబ్ హెడ్ తీసుకోండి. ఇంట్లో వాయించడం కోసం మాత్రం, స్పీకరు లేకుండా హెడ్‌ఫోన్‌లో వినే ఏర్పాటు ఉన్నది చూసుకోండి. ట్యూబ్‌మైస్టర్ 18లో శక్తిని 18, 5, 1 వాట్లకూ, సున్నాకూ మార్చే ఏర్పాటు ఉంది. సున్నా మీద పెడితే స్పీకరు లేకున్నా హెడ్‌కు ప్రమాదం లేదు, వెనుక రెడ్ బాక్స్ జాక్ నుంచి రికార్డింగుకు తీసుకోవచ్చు. ఈ ఏర్పాటు లేని హెడ్‌కైతే స్పీకరు బదులు భారాన్ని మోసే లోడ్ బాక్సు విడిగా కొనాలి.

భీమిలి బేస్
మంగళవారం, మధ్యాహ్నం 1.15

అందరూ హెడ్ గురించే మాట్లాడుతున్నారు. స్వరంలో సగానికి పైగా వాటా స్పీకరుదీ పెట్టెదీ అని నా నమ్మకం. మీ బడ్జెట్టులో హెడ్‌కు ఎక్కువ పెట్టి చివర్లో మిగిలిన డబ్బుతో ఏదో ఒక క్యాబినెట్ (క్యాబ్) కొంటే, ఆ మంచి హెడ్ ఎప్పటికీ మీకు వినబడదు.

పైన చెప్పిన డెసిబెల్ లెక్కను తిప్పి చూడండి. 97 డెసిబెల్‌ల స్పీకరు తీసి 100 డెసిబెల్‌లది పెడితే, మీ 20 వాట్ల హెడ్ 40 వాట్ల హెడ్‌తో సమానంగా వినబడుతుంది. స్పీకరు ఎన్ని వాట్లు తట్టుకోగలదన్నది మరో మాట. గ్రీన్‌బ్యాక్ 25 వాట్లది. 20 వాట్ల హెడ్‌కు ఒక్కటి సరిపోతుందనిపిస్తుంది గానీ, పూర్తిగా పెంచి డిస్టార్షన్‌లోకి తోసినప్పుడు హెడ్ తన అంకెను మించి ఇస్తుంది. ఒక్కటే పెట్టేటట్టయితే 60 వాట్ల వింటేజ్ 30, రెండైతే గ్రీన్‌బ్యాక్‌లు నిశ్చింత.

పెట్టె బయటి నుంచి తెప్పించుకుంటే రవాణా ఖర్చే భారమవుతుంది. నేను రెండు స్పీకర్లు మాత్రం కొని, 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్‌తో మా ఊరి వడ్రంగి చేత చేయించాను. ఓడలూ పడవలూ చూసిన ఊరు కాబట్టి ఆ ప్లై గురించి మనవాళ్లకు చెప్పనక్కరలేదు, తేమకు పొరలు విడిపోదు. పార్టికల్ బోర్డుతో మాత్రం చేయించవద్దు. రెండు వర్షాకాలాలకు మూలలు ఉబ్బిపోతాయి. వెనుక మూసి ఉంచితే కింది స్వరాలు బిగువుగా ముందుకు వస్తాయి, సగం తెరిస్తే గదంతా పరుచుకుంటాయి. మీ హార్డ్ రాక్‌కు మూసినదే మేలు.

గాజువాక గెయిన్
మంగళవారం, రాత్రి 10.30

ట్యూబుల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. ఈఎల్ 84 చిన్నది, ప్లేటు 12 వాట్ల వేడి తట్టుకుంటుంది. ఈఎల్ 34 అయితే 25, 6ఎల్6 జీసీ అయితే 30. మీరు చూస్తున్న మూడింటిలో టైనీ టెర్రర్, ట్యూబ్‌మైస్టర్ ఈఎల్ 84ల మీద నడుస్తాయి. డిఎస్ఎల్ 20లో రెండు ఈఎల్ 34లు ఉన్నాయి, సగం శక్తికి మార్చే స్విచ్చూ ఉంది. మధ్య స్వరాల్లో ఆ మొరటు పలుకు ఈఎల్ 34దే. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో తయారైన తొలి ఆంప్ జేటీఎం 45 ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్ ఆధారంగా వచ్చింది. తర్వాత ఈఎల్ 34లకు మారాకే మనం బ్రిటిష్ రాక్ అని గుర్తుపట్టే స్వరం స్థిరపడింది. మీరు కోరుతున్నది అదే అయితే, ఆ ట్యూబునే 20 వాట్ల పెట్టెలో పొందడం మంచి అవకాశం.

టైనీ టెర్రర్ 2006లో వచ్చి ఈ చిన్న హెడ్‌ల ఒరవడికి దారి తీసింది. వాల్యూమ్, టోన్, గెయిన్ అనే మూడు నాబ్‌లు మాత్రమే. నాకు ఎంతో ఇష్టమైన హెడ్. కానీ దానిలో ఎఫెక్ట్స్ లూప్ (ప్రీఆంప్‌కూ పవర్ విభాగానికీ మధ్య పెడల్ తగిలించే జాక్‌లు) లేదు. మీరు డిలే (ప్రతిధ్వని పెడల్) వాడేటట్టయితే ఇది పెద్ద విషయం. ప్రీఆంప్ డిస్టార్షన్ తర్వాత డిలే పడాలి, ముందు పడితే ప్రతి ప్రతిధ్వనీ మళ్లీ డిస్టార్షన్‌లో నలిగి అంతా అలుక్కుపోతుంది.

లాసన్స్ బే రిథమ్
బుధవారం, రాత్రి 9.50

నా ఇల్లు సముద్రానికి దగ్గర. ఇక్కడ ట్యూబ్ ఆంప్ ఉంచుకునేవారు తెలుసుకోవలసినది ఉప్పుగాలి. కొన్న రెండేళ్లకే జాక్‌లు పచ్చబారాయి, వాల్యూమ్ తిప్పితే కరకరమనేది. అప్పుడప్పుడు స్వరం ఉన్నట్టుండి తగ్గిపోయేది. ట్యూబులు పోయాయనుకుని కొత్తవి తెప్పించాను. ఫలితం లేదు. చివరికి తేలిందేమిటంటే ట్యూబ్ సాకెట్లలో పిన్నులు పట్టుకునే రేకులకు తుప్పు పొర పట్టింది. శుభ్రం చేసి బిగిస్తే పాత ట్యూబులే చక్కగా పలికాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ అద్దం పగిలి గదిలోకి జల్లు కొట్టింది. నీళ్లు ఆంప్ మీద నేరుగా పడలేదు. కానీ రోజుల తరబడి కరెంటు లేక, అది ఆ తేమలోనే ఉండిపోయింది. కరెంటు రాగానే ఆత్రపడి స్విచ్చు వేశాను, ఫ్యూజు ఎగిరిపోయింది. ముందు విప్పి ఆరబెట్టించి ఉండవలసింది. అప్పటి నుంచి మూడు పనులు తప్పకుండా చేస్తున్నాను. ప్లాస్టిక్ కవరు మానేసి మందపాటి నూలు గుడ్డ కప్పుతున్నాను, ప్లాస్టిక్ తేమను లోపలే బంధిస్తుంది. వాయించినా వాయించకపోయినా వారానికి ఒకసారి స్పీకరు తగిలించి అరగంట వెలిగిస్తున్నాను, ఆ వేడికి లోపలి చెమ్మ పోతుంది. ఆరు నెలలకొకసారి జాక్‌లనూ పిన్నులనూ కాంటాక్ట్ క్లీనరుతో తుడుస్తున్నాను.

కంచరపాలెం వాల్వు
గురువారం, సాయంత్రం 6.10

పై సోదరుడు చెప్పినది అక్షరాలా నిజం. నా దగ్గరికి వాల్వు పోయిందని వచ్చేవాటిలో చాలావాటికి సాకెట్టే రోగం. అయితే ఒక హెచ్చరిక. లోపల చేయి పెట్టి తుడవాలని చూడకండి. ప్లగ్గు పీకేశాక కూడా ఫిల్టరు కెపాసిటర్లలో వందల ఓల్టులు నిలిచి ఉంటాయి. వాటిని ఖాళీ చేయడం తెలిసినవారే ఛాసిస్ విప్పాలి. బయటి నుంచి పిన్నులు తుడవడం వరకే మీ పని.

ఈఎల్ 34 హెడ్ తీసుకుంటే, పవర్ ట్యూబులు మార్చిన ప్రతిసారీ బయాస్ (వాయించనప్పుడు ట్యూబులో పారే కరెంటు) సరిచూడాలన్నది మరచిపోకండి. ప్లేటు మీద 450 ఓల్టులు ఉంటే, 25 వాట్లలో డెబ్బై శాతం లెక్కన ఒక్కో ట్యూబుకు 39 మిల్లీఆంపియర్లు పై హద్దుగా పెట్టుకుంటాను. హెడ్‌ను బట్టి ప్లేటు ఓల్టేజి మారుతుంది, కొలిచాకే లెక్క వేయాలి. ప్రీఆంప్‌లోని చిన్న ట్యూబులు 12ఏఎక్స్7లకు ఈ బాధ లేదు, పీకి పెట్టుకోవచ్చు. ట్యూబుల సరఫరా ఇప్పుడు ప్రధానంగా స్లొవేకియా, రష్యా, చైనాల నుంచే జరుగుతోంది. 2022లో రష్యా నుంచి రాక కొంతకాలం దెబ్బతిన్నప్పుడు ఎందరో ఇబ్బంది పడ్డారు. హెడ్‌తో పాటే ఒక జత పవర్ ట్యూబులు, రెండు 12ఏఎక్స్7లు కొని బీరువాలో ఉంచండి.

ఎంవీపీ ఆరుతీగలు
ఆదివారం, రాత్రి 10.20

ఉక్కునగరం బ్లూస్ గారు ఎంతో ఆదరంగా వారి ఇంటికి పిలిచారు. నా గిటారు, నా కేబులు పట్టుకుని వెళ్లాను. వారి 18 వాట్ల హెడ్‌నూ, వారి స్నేహితుడు తెచ్చిన డిఎస్ఎల్ 20నూ ఒకే క్యాబ్‌కు మార్చి మార్చి తగిలించి మూడు గంటలు వాయించాను. మా రెండో గిటారిస్టును కూడా వెంట తీసుకెళ్లాను. అతను గదికి అవతలి మూల నిలబడి విన్నాడు. వాల్యూమ్ సగం దాటకముందే తగ్గించమన్నాడు. 50 వాట్ల ప్రస్తావన మళ్లీ తేలేదు.

డిఎస్ఎల్ 20 తీసుకుంటున్నాను. గెయిన్ తక్కువ పెట్టి, వాల్యూమ్ పెంచి, గిటారు నాబ్‌తోనే శుభ్రం నుంచి గరుకు దాకా వెళ్లగలిగాను. నాకు కావలసింది అదే. ఇంట్లో మెల్లగా వాయించడానికి ట్యూబ్‌మైస్టర్ సౌకర్యమే మెరుగు, ఆ విషయంలో సందేహం లేదు. కానీ ఆ మధ్య స్వరం విన్నాక మనసు ఒప్పలేదు. లోడ్ బాక్సు వచ్చే ఏడాది చూస్తాను. పక్క ఫ్లాట్లో చంటిబిడ్డ నిద్రపోయాక పాత ట్రాన్సిస్టరు ఆంప్ హెడ్‌ఫోన్‌తో సరిపెట్టుకుంటాను. క్యాబ్ మాత్రం భీమిలి బేస్ గారు చెప్పినట్టు చేయిస్తున్నాను. రెండు 16 ఓమ్‌ల స్పీకర్లకు చెప్పి ఉంచాను.

ఎంవీపీ ఆరుతీగలు
ఐదు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8.45

క్యాబ్ పూర్తయింది. హెడ్, స్టెబిలైజరు, స్పీకరు కేబులు అన్నీ ఇంట్లో ఉన్నాయి. రెండు స్పీకర్లనూ సమాంతరంగా కలిపాను. 8 ఓమ్‌లు రావాలి కదా, మల్టీమీటరు పెడితే 6.6 చూపిస్తోంది. వైరింగు తప్పు చేశానేమో అని స్విచ్చు వేయడానికి చేయి రావడం లేదు. మేష్టారూ, దయచేసి చూడగలరు.

కంచరపాలెం వాల్వు
శనివారం, రాత్రి 9.10

సరిగ్గానే కలిపావు బాబూ. మీటరు చూపేది తీగ చుట్ట నిరోధం మాత్రమే, అది ఎప్పుడూ రాసిన అంకె కన్నా తక్కువే ఉంటుంది. 8 ఓమ్‌ల క్యాబ్‌కు 6 నుంచి 7 మధ్య రావాలి. రెండింటినీ వరుసగా కలిపి ఉంటే పాతిక దాటేది, ఒకటి తెగి ఉంటే పదమూడు చూపేది. ఇంకొకటి చూడు. తొమ్మిది ఓల్టుల బ్యాటరీని కేబులు కొసలకు క్షణంపాటు తాకించు, రెండు కోన్‌లూ ఒకేసారి ముందుకు కదలాలి. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ పోతే, ఒకదాని తీగలు తారుమారు చేయి.

అది సరిపోయాక, హెడ్ వెనుక 8 ఓమ్‌లని రాసి ఉన్న జాక్‌లోనే కేబులు పెట్టి, స్టాండ్‌బైలో రెండు నిమిషాలు వెచ్చబడనిచ్చి, ఆ తర్వాత స్విచ్చు వేయి.

ఎంవీపీ ఆరుతీగలు
శనివారం, రాత్రి 9.48

రెండు కోన్‌లూ ముందుకే కదిలాయి మేష్టారూ. ట్యూబులు వెలిగాయి. పక్క ఫ్లాట్లో చంటిబిడ్డ పడుకునే వేళ కాబట్టి ఇప్పుడు ఒక్క ఇ స్వరం మాత్రం మెల్లగా మీటి ఆపేశాను. రేపు ఉదయం పది గంటలకు సీతమ్మధారకు తీసుకెళుతున్నాం.